పాత డబ్బల ఇరుక్కున్న మాటలు: వర్చువల్ మెషిన్ లేవకుంటె ఏం జూడాలె

పోయిన ఎండకాలం జనగామ నుంచి ఒక డీటీపీ అన్న ఫోన్ జేసిండు. "తమ్మీ, డబ్బ లేస్తలేదు. సారు పుస్తకం అండ్లనే ఉన్నది" అన్నడు.

సారంటే రిటైరైన తెలుగు పంతులు. నౌకరి జేసినన్నేండ్లు ఊరూరు తిరిగి సాలోల్ల కాడ, కుమ్మరోల్ల కాడ, ఎవుసం జేసెటోల్ల కాడ మాటలు ఏరిండు. పైసలు లేక పుస్తకం అచ్చుగాలె. రాసుకున్న చీటీలకు చెదలు వట్టినయ్. మిగిలింది పేజ్‌మేకర్ల టైపు జేసిన ఫైలు ఒక్కటే. అది విండోస్ ఎక్స్‌పీ నడిచే పాత కంప్యూటర్ల ఉన్నది. దాని మదర్‌బోర్డు ఉబ్బి సచ్చిపోయింది, డిస్కు మాత్రం ఇంకా తిరుగుతున్నది.

ఫైలు కాపీ జేసుకుంటె అయిపాయె గదా అని మీరనొచ్చు. కాదు. ఆ రోజుల్ల డీటీపీ తెలుగు యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల జాగల్ల తెలుగు బొమ్మలు అతికిచ్చిన ఫాంట్లు. ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేరు, దాని యూఎస్‌బీ తాళం మూడు ఒక్కకాడ ఉంటెనే అది తెలుగు. లేకుంటె కామాలు, డాలరు గుర్తులు. అందుకే ఫైలు కాదు, మొత్తం కంప్యూటరునే లేపాలె.

డిస్కును ఆన్ జేసి జూద్దామని మల్ల మల్ల తిప్పొద్దు. నేను ముందుగాల దాన్ని లినక్స్ లాప్‌టాప్‌కు తగిలిచ్చి, డీడీరెస్క్యూతోని బిట్టుకు బిట్టు నకలు దీసిన. ఆ నకలును పక్కన వెట్టి, దానికి ఇంకో నకలు దీసి దాని మీదనే పని జేసిన. అసలు డిస్కు మల్ల ముట్టలె.

ఇగ వర్చువల్ మెషిన్. క్యూఈఎంయూ అనే ప్రోగ్రాం ఉన్నది, ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003ల మొదలువెట్టిండు. ఇది లేని సామానును ఉన్నట్టు నటిస్తది. లోపల లేచే విండోస్‌కు "ఇగో నీ డిస్కు కంట్రోలరు, ఇగో నీ గ్రాఫిక్ కార్డు" అని చూపెడ్తది. లోపలున్నది నమ్ముతది. నమ్మకుంటెనే మనకు తిప్పలు.

మొదటి సారి "బూటబుల్ డివైస్ లేదు" అన్నది. ఇది నా తప్పే. కొత్త మెషిన్ జేసినప్పుడు యూఈఎఫ్ఐ ఎంచుకున్న. ఎక్స్‌పీ డిస్కు పాత బయోస్ కాలంది. బయోస్‌కు మార్చిన, అయిపోయింది.

రెండో సారి ఆశ పుట్టింది. విండోస్ లోగో వచ్చింది, కింద పట్టీ ఉరికింది. అంతల్నే నీలి తెర. సున్నాలన్ని పోను చివర 7బి. అంటే బూట్ డిస్కు నాకు దొరుకుతలేదు అని.

ఇక్కడ చానమంది డిస్కు ఖరాబైందనుకుని చేతులెత్తేస్తరు. నేను కూడ గంటసేపు గట్లనే అనుకున్న. డిస్కు దొరక్కపోతె లోగో ఎక్కడికెల్లి వచ్చింది? అది కూడ డిస్కు మీదిదే గదా. సంగతేందంటె, మొదటి సగం డిస్కును చదివి పెట్టేది బయోస్. విండోస్ లోడరు బయోస్‌ను బతిమాలి కర్నెల్‌ను, ముఖ్యమైన డ్రైవర్లను మెమరీలకు తెచ్చుకుంటది. ఆ తర్వాత బయోస్ పక్కకు జరుగుతది, విండోస్ సొంత డ్రైవరుతోని డిస్కును అందుకోవాలె. అప్పుడు ఎదురుగ ఉన్న కంట్రోలరు దానికి తెలిసింది కాకపోతె చెయ్యి గాల్లనే ఉంటది. ఎద్దు అలవాటైన గాటికే పోతది. గాడి మారిస్తె వాకిట్లనే నిలవడ్తది.

అందుకే వర్చువల్ మెషిన్ ఎక్కడ ఆగిందో జూస్తె, ఏ సామాను కోసం ఎదురుచూస్తున్నదో తెలుస్తది. ఏమి లేవకముందే ఆగితె బయోసో, బూట్ క్రమమో చూడాలె. లోగో వచ్చి ఆగితె డిస్కు కంట్రోలరు. లేచినంక మౌసు కదలకుంటె యూఎస్‌బీ.

నేను జూసుకుంటె మెషిన్ రకం క్యూ35 అని ఉన్నది. దాంట్ల డిస్కు ఏహెచ్‌సీఐ సాటా మీద కూసుంటది, ఎక్స్‌పీకి ఆ డ్రైవరు పుట్టుకతోని లేదు. ఇంటర్నెట్ల ఎక్కువ సలహాలు "విర్టియో పెట్టు, మస్తు వేగం" అంటయి. వేగం నిజమే, గని విర్టియో అసలు ఏ నిజమైన సామానుకు నకలు కాదు, వర్చువల్ మెషిన్ల కోసమే పుట్టింది. దాని డ్రైవరు ముందుగాల లోపల వెయ్యాలె. కావాలంటె మొదలు ఐడీఈ మీద లేపి, చిన్న ఖాళీ విర్టియో డిస్కు రెండోదిగ తగిలిచ్చి, డ్రైవరు పడ్డంక అసలు డిస్కును మార్చుకోవచ్చు. నాకు వేగంతోని పని లేదు. ఐ440ఎఫ్ఎక్స్ అనే పాత రకం, డిస్కుకు ఐడీఈ ఇచ్చిన. అది ఇంటెల్ 1996ల తెచ్చిన చిప్‌సెట్టుకు నకలు.

మల్ల 7బి.

ఇది జెర లోతు. అన్న కంప్యూటరుది వియా చిప్‌సెట్. ఎక్స్‌పీ దాని ఐడీఈనే రాసిపెట్టుకున్నది. క్యూఈఎంయూ చూపెట్టేది ఇంటెల్ పీఐఐఎక్స్3 ఐడీఈ. రెండూ ఐడీఈనే, గని ఇంటిపేర్లు వేరు. అందుకే నకలు డిస్కును ఇంకో విండోస్ మెషిన్‌కు రెండో డిస్కుగ తగిలిచ్చి, రెజిస్ట్రీ ఎడిటర్ల దాని సిస్టమ్ హైవ్ లోడ్ జేసిన. అట్ల బయట నుంచి తెరిస్తె కరెంట్ కంట్రోల్ సెట్ కనవడదు. సెలెక్ట్ అన్న కాడ కరెంట్ విలువ 1 ఉంటె, కంట్రోల్ సెట్ 001ల మార్చాలె. అండ్ల ఇంటెల్ఐడీఈ, పీసీఐఐడీఈ, అటాపి సర్వీసులకు స్టార్ట్ విలువ 0 వెట్టిన. క్రిటికల్ డివైస్ డేటాబేస్ అనే కాడ ఈ కంట్రోలరు నంబరు (తయారీదారు 8086, డివైసు 7010) ఎక్కించిన. డ్రైవర్ల ఫోల్డరుల ఆ ఫైళ్లు లేకుంటె డ్రైవర్ క్యాబ్ మూటల ఉంటయి, ఇప్పుకోవచ్చు.

లేచింది. అన్న పెట్టుకున్న యాదగిరిగుట్ట ఫొటో తెర మీద కనవడ్డది.

సామాను మారిందని ఎక్స్‌పీ మూడు రోజులల్ల యాక్టివేషన్ జేయమన్నది. తాళం యూఎస్‌బీని లోపలికి ఇస్తె గుర్తు వట్టలె. ఎందుకంటె నేనిచ్చింది యూఎస్‌బీ 3 కంట్రోలరు, ఎక్స్‌పీ అది ఎరుగది. యూఎస్‌బీ 2 ఇస్తె పట్టుకున్నది. నెట్‌వర్క్ కార్డు మొత్తానికే తీసేసిన. 2014 ఏప్రిల్ 8 తర్వాత మైక్రోసాఫ్ట్ అండ చాలిచ్చిన సిస్టమ్‌ను ఇంటర్నెట్టుకు తగిలియ్యొద్దు. నటించే సామాను ఉత్తదే గదా అని గుడ్డిగ నమ్మొద్దు కూడ. 2015ల వెనమ్ అని పేరువడ్డ లోపం బయటవడ్డది క్యూఈఎంయూ ఫ్లాపీ నకలులనే. ఎవ్వలు వాడని ఫ్లాపీ!

లినక్స్ పాత సర్వరైతె కత ఇదే, తెర వేరే. విర్టియో ఇస్తె ఎస్‌డీఏ అన్న డిస్కు వీడీఏ అయితది. ఎఫ్ఎస్ట్యాబ్ల, బూట్ వరుసల పాత పేరుంటె రూట్ దొరకదు. యూయూఐడీతోని రాస్తె పేరు మారినా ఫికరు లేదు. అట్లయినా లేవకుంటె ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌ల విర్టియో డ్రైవరు లేదన్నట్టు, మల్ల తయారుజేసుకోవాలె.

ఇగ పుస్తకం. 412 పేజీలు పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటరుకని ఫైల్లకు అచ్చేసి, బయట పీడీఎఫ్ జేసిన. చూసెతందుకు తెలుగే, వెతికెతందుకు కాదు. యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాంల వేస్తె వత్తులు కొన్ని తారుమారైనయ్. పంతులు సారు ఇప్పుడు పీడీఎఫ్ పక్కన వెట్టుకుని, కండ్లద్దాలు తుడుసుకుంట, దినాం పది పేజీలు దిద్దుతున్నడు. మొన్న ఫోన్ జేసి "'గ' దాక వచ్చిన బిడ్డా, 'గాడి' కాడ ఆగిన, దానికి ఇంకో అర్థం యాదికొచ్చింది, ఎక్కడ రాయాలె?" అని అడిగిండు.