తొమ్మిది రోజుల సంపాదన, పన్నెండు నెలల సంసారం

మాహూర్ అనగానే మన వాళ్ళకు గుర్తొచ్చేది కొండమీది రేణుకామాత. ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చేవారు ఎల్లమ్మ తల్లి అంటారు. మహారాష్ట్రలో చెప్పుకునే మూడున్నర శక్తిపీఠాల్లో ఇదొకటి. మరో కొండమీద దత్తాత్రేయుడు. 1956 దాకా నాందేడ్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోదే కనుక మనకిది మరీ పరాయి ఊరేం కాదు. మా మామగారి తాతల నాటి నుంచీ వీళ్ళది ఇక్కడే కాపురం. మాకు పొలం లేదు, ఈ కొండే మా పొలం. గుడి దారిలో బల్ల వేసుకుని ఓటి సామాను, తాంబూలం అమ్ముకుంటాం.

ఓటి అంటే మన ఒడిబియ్యం వంటిదే. రవికగుడ్డ, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, గాజులతో అమ్మవారి ఒడి నింపుతారు. తాంబూలం ఇక్కడి ప్రత్యేక ప్రసాదం. తమలపాకులు, వక్క, కాచు, సోంపు, ఏలకులు కలిపి రోట్లో మెత్తగా దంచాలి. కాపురానికి వచ్చాక అత్తగారు నాకు నేర్పిన మొదటి పని అదే. "ఆకు తడారకుండ దంచకు బిడ్డా, సాయంత్రానికే పాడైతది" అనేవారు. ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికి మా ఇంట్లో రోటి చప్పుడే అలారం.

చిక్కల్లా ఒక్కటే. దసరా నవరాత్రుల్లో వచ్చినంత డబ్బు మిగతా రోజుల్లో రాదు. దత్త జయంతికి కొంత, వేసవి సెలవుల్లో కొంత. వానాకాలంలో బోణీ కాని రోజులూ ఉంటాయి. అప్పుడు మా ఆయన అద్దె ఆటో తోలుతారు. సంసారం మాత్రం పన్నెండు నెలలూ ఒకే తీరుగా తింటుంది కదా!

2020 వేసవి సరుకు కోసమని ఒకరి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి ఎనభై వేలు తెచ్చాం. అప్పటికి మా అమ్మాయికి రెండేళ్ళు. మార్చిలో గుడి మూతపడింది. కొబ్బరికాయలు కుళ్ళిపోయాయి, రవికగుడ్డలు మూటల్లోనే ఉండిపోయాయి. ఆ ఏడు నవరాత్రులు కూడా మూసిన తలుపుల ముందే వెళ్ళిపోయాయి. నవంబరు 16న తెరిచారు. హమ్మయ్య అనుకునేలోగా 2021 ఏప్రిల్‌లో మళ్ళీ మూత. నెలకు 2,400 వడ్డీ మాత్రం ఆగలేదు. మా ఆయన రాత్రిళ్ళు నిద్రపోయేవారు కాదు, నేను నిద్రపోయినట్టు నటించేదాన్ని.

ఒకనాడు నాన్న పెట్టిన మూడు తులాల గొలుసు తీసి ఇచ్చాను. "పుట్టింటి సొమ్ము ముట్టను" అన్నారాయన. "ముట్టకపోతే వడ్డీ మనల్ని ముడుతుంది" అన్నాను. బ్యాంకులో కుదువపెట్టి లక్ష తెచ్చి, బకాయి వడ్డీతో సహా ఆ అప్పు తీర్చేశాం. బ్యాంకు వడ్డీ నెలకు నూటికి రూపాయి కూడా పడలేదు. ఈ లెక్క ముందే ఎందుకు వేసుకోలేదో! పరువు అనుకున్నాం గానీ ఆ పరువు ఖరీదు నెలకు వెయ్యిన్నర పైనే. వీధి వ్యాపారులకిచ్చే స్వనిధి పథకంలో పదివేలు కూడా వచ్చాయి. 2021 అక్టోబరు 7న, సరిగ్గా నవరాత్రుల మొదటి రోజున, గుడి తెరిచారు. ఆ ఉదయం బోణీ చేసింది నిర్మల్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ. తెలుగులో బేరమాడింది. నేను తగ్గించి ఇచ్చాను.

2023 మార్చి నుంచి ఎస్టీ బస్సుల్లో ఆడవాళ్ళకు సగం టిక్కెట్టు పెట్టారు. వారం మధ్యలో కూడా గుంపులుగా దిగడం మొదలుపెట్టారు. మా బల్లకు అది చిన్న నవరాత్రే! 2024లో లాడ్కీ బహీణ్ కింద నెలకు 1,500 రావడం మొదలయ్యాక అది గొలుసు బాకీకే కట్టాను. అమ్మాయి పేర పోస్టాఫీసులో సుకన్య ఖాతా ఉంది. ఏడాదికి 250 వేసినా ఖాతా నిలుస్తుందన్నారు. చెడ్డ సంవత్సరాల్లో అంతే వేశాం, దసరా బాగున్న ఏడు ఐదువేలు వేశాం.

మా ఇంట్లో లెక్కల పుస్తకాలు రెండు. బల్ల లెక్క ఆయన మరాఠీలో రాస్తారు, ఇంటి లెక్క నేను తెలుగులో. రెండూ ఏనాడూ కలవవు, దాని మీద వారానికొక తగువు. అమ్మాయి మరాఠీ బడికే పోతుంది. నా పుస్తకం చూసే తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటోంది. మొన్న "అమ్మా, గొ-లు-సు అని ప్రతి నెలా ఎందుకు రాశావు?" అని అడిగింది.

ఇంకా ఇరవై రెండు వేలు ఉంది. దత్త జయంతికి వక్క ఇప్పుడే కొని పెట్టుకోవాలి. ఆయన అరువు తెస్తానంటున్నారు, నేను వద్దంటున్నాను.