గొంతు తగ్గించింది గాయని కాదు.. గీత!

బతుకమ్మ పండుగకు నెల ముందు నుంచే పల్లెల్లో పాటల హడావుడి మొదలవుతుంది. క్యాసెట్ల రోజుల్లో పాట రికార్డు కావాలంటే పట్నం బస్సు ఎక్కవలసి వచ్చేది. ఇప్పుడు మండల కేంద్రంలో ఒక చిన్న గది, గోడలకు స్పాంజి, ఒక కంప్యూటర్, మైకు ఉంటే చాలు. పాట తయారై యూట్యూబ్‌కు ఎక్కుతోంది. గదులు పెరిగాయి, పాటలు పెరిగాయి. వాటితోపాటే కొత్త తంటాలూ వచ్చాయి.

వాటిలో ఒకటి ఇది. పల్లవిలో ఖంగుమన్న గొంతు చరణానికి వచ్చేసరికి డప్పు కింద అణగిపోతుంది. వాల్యూమ్ మీట పైకి జరుపుతారు. పాట మళ్లీ మొదటి నుంచి వేస్తే, మీట ఎవరూ ముట్టకుండానే కిందికి జారుతుంది! బావి మోటారు చేత్తో ఆపినా, ఆటోస్టార్టర్ ఉంటే కరెంటు రాగానే తిరిగినట్టే. మోటారును తిట్టి లాభం లేదు, స్టార్టర్‌ను వెతకాలి.

ఇలాంటి ఒక గదిలో నలుగురు మహిళలు పత్తి కలుపు కూలి మానుకొని వచ్చి పాట పాడారు. చరణంలో గొంతు వినబడలేదు. "మీరే మెల్లగా పాడుతున్నారు" అని గది కుర్రాడు వారితో మళ్లీ మళ్లీ పాడించాడు. సాయంత్రమైంది. కూలి పోయింది, గొంతు రాసుకుపోయింది, పైగా పాడటం రాదన్న మాట. తీరా చూస్తే తప్పు వారిది కాదు.

కంప్యూటర్ పాటల్లో ఆటోమేషన్ అనే సదుపాయం ఉంది. పాట సాగుతుండగా ఏ క్షణాన ఏ మీట ఎంత జరగాలో ముందే ఒక గీతగా గీసిపెట్టుకోవచ్చు. గీత పైకి పోతే శబ్దం పెరుగుతుంది, కిందికి పోతే తగ్గుతుంది. ఇది లేని రోజుల్లో పెద్ద స్టూడియోల్లో సైతం ఇద్దరు ముగ్గురు బల్ల ముందు నిలబడి తలా రెండు మీటలు పట్టుకొని పాట ముగిసేదాకా జరిపేవారు. మీటలు వాటంతటవే కదిలే యంత్రాలు 1970ల దశకంలో వచ్చాయి. నేడు బెల్జియం కంపెనీ తయారుచేసే ఎఫ్ఎల్ స్టూడియో వంటి సాఫ్ట్‌వేర్లలో ఆ పని ఎవరైనా చేయవచ్చు. పాతవారు దీన్ని ఫ్రూటీలూప్స్ అంటారు. 2003లో పేరు మారింది.

చిక్కు ఎక్కడంటే, గీత ఒకచోట కనబడుతుంది, అది కదిపే మీట మరోచోట ఉంటుంది. పై గదిలో కుర్రాడు నిరుటి పాట ఫైలునే అచ్చుగా వాడాడు. అందులో 'ఫ్లూట్' పేరుతో ఒక గీత ఉంది. వేణువుదేనని దాని జోలికి పోలేదు. నిరుడు డప్పు మోగే చోట వేణువు, గొంతు రెండూ తగ్గాలని ఆ ఒక్క గీతనే రెండు మీటలకూ ముడివేశారు. పేరు మాత్రం ఒకదానిదే. పల్లవిలో ఎత్తుగా ఉండి, డప్పు దగ్గర దిగి, అక్కడే ముగిసిపోయింది. గీత ముగిసినా మీట పైకి రాదు, వదిలినచోటే ఉండిపోతుంది. చరణం మునిగింది అందుకే.

వెతకడం మీట వైపు నుంచి మొదలుపెట్టడం మేలు. అనుమానం ఉన్న మీటపై మౌస్ కుడి మీట నొక్కితే 'లింక్ టు కంట్రోలర్' అని వస్తుంది. అది తెరిస్తే ఏ గీతకు ముడిపడి ఉందో బయటపడుతుంది. గీత వైపు నుంచీ చూడవచ్చు. ఆ క్లిప్ సెట్టింగుల్లో 'టార్గెట్ లింక్స్' దగ్గర, అది కదిపే మీటలన్నీ వరుసగా ఉంటాయి. మొత్తం పాటలోని ముడులు ఒక్కచోట కావాలంటే బ్రౌజర్‌లో 'కరెంట్ ప్రాజెక్ట్' కింద 'రిమోట్ కంట్రోల్' చూడాలి.

దొరికింది కదా అని గీతను చెరిపేస్తే వేణువు కూడా చెడుతుంది. గొంతుకున్న ముడి ఒక్కటే విప్పాలి. విప్పాక మీట కిందే ఉంటుంది కనుక చేత్తో పైకి పెట్టాలి. ఇది తెలియక ముడి విప్పినా ఫలితం లేదనుకొని మళ్లీ మొదటికి వచ్చేవారున్నారు. ఆ కుర్రాడు అంతకుముందే గొంతును మరో రెండుచోట్ల పెంచి పెట్టాడు. ముడి విప్పగానే గొంతు చెవులు చిల్లులు పడేలా వచ్చింది. అవన్నీ తగ్గించడానికి మరో గంట పట్టింది. తొలిసారి పాడినదే పనికొచ్చింది.

ఏబుల్టన్ లైవ్ వాడేవారికి వెతుకులాట కొంత తక్కువ. గీత ఉన్న మీటపై ఎర్ర చుక్క కనబడుతుంది. మధ్యలో చేత్తో కదిపితే చుక్క ఆరిపోయి గీత పని ఆగుతుంది. 'రీ ఎనేబుల్ ఆటోమేషన్' నొక్కితే తిరిగి మొదలవుతుంది.

పాత ఫైలును అచ్చుగా వాడేవారు కొత్త పాట మొదలుపెట్టకముందే ముడులన్నీ చూసుకోవాలి. గీతకు 'గొంతు, వేణువు వాల్యూమ్' అని రెండు పేర్లూ రాయడానికి పట్టేది అర నిమిషం. పాడేవారు కూడా గొంతు తగ్గిందని అంటే ఊరుకోకుండా, పాట నడుస్తుండగా మీట కదులుతోందేమో చూపించమని అడగవచ్చు. కదిలితే తెర మీద ఎవరికైనా కనబడుతుంది.