పెన్ పెన్సిల్ కొంటున్నారా? 0.3, 0.5, 0.7లో మీ చేతికి ఏది సెట్ అవుతుంది

గాడ్జెట్ల సైట్‌లో పెన్సిల్ గోల ఏంటని స్క్రోల్ చేసేయకండి. టీవీలు, ఫోన్లు చేసే షార్ప్ కంపెనీకి ఆ పేరు వచ్చిందే పెన్సిల్ నుంచి. 1915లో తొకుజి హయకవా అనే జపాన్ కారిగరు ఒక మెకానికల్ పెన్సిల్ తయారుచేశాడు. దానికే తర్వాత 'ఎవర్-రెడీ షార్ప్' అని పేరు పెట్టారు. 1923 భూకంపంలో ఫ్యాక్టరీ మొత్తం పోతే, ఒసాకా వెళ్లి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాడు. జపాన్ వాళ్లు ఇప్పటికీ ఈ పెన్సిల్‌ని 'షాపెన్' అనే అంటారు. మనకేమో స్కూల్ రోజుల నుంచీ ఇది 'పెన్ పెన్సిల్'.

నేను కోడ్ రాసే ముందు ఫ్లో అంతా కాగితం మీదే గీసుకుంటాను. రోజుకి నాలుగైదు పేజీలు. ఛార్జింగ్ అక్కర్లేదు, నోటిఫికేషన్ రాదు, తప్పయితే రబ్బరుతో చెరిపేయొచ్చు. కాబట్టి దీన్ని కూడా ఫోన్‌లాగే స్పెక్స్ చూసి కొనాలనేది నా లెక్క.

మొదటి స్పెక్: లీడ్ సైజ్

మార్కెట్‌లో ఎక్కువగా దొరికేవి 0.5, 0.7. డ్రాయింగ్ వాళ్ల కోసం 0.3, 0.9 ఉంటాయి. డబ్బా మీద 0.5 అని ఉన్నా అసలు మందం దాదాపు 0.56 మిల్లీమీటర్లు.

లీడ్ ఎంత బరువుకి విరుగుతుందనేది దాని మందం ఘనాన్ని బట్టి మారుతుంది. అంటే 0.5 నుంచి 0.3కి వచ్చారంటే బలం సగం కాదు, దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. బయటికి ఎంత పొడవు వచ్చిందనేది కూడా ముఖ్యమే. రెండింతలు బయటికి తీస్తే సగం ఒత్తిడికే టప్‌మంటుంది. ఒకటి రెండు క్లిక్‌లు చాలు. 'పెన్సిల్ బాగోలేదు, ఊరికే విరుగుతోంది' అనే కంప్లయింట్‌లలో చాలావాటికి మందు ఇదే.

తెలుగు రాసేవాళ్లకి ఇంకో పాయింట్. మన అక్షరాల్లో చిన్న సున్నాలు, వంపులు ఎక్కువ. ఒత్తులు గీత కిందకి దిగుతాయి. సింగిల్ రూల్ నోట్‌బుక్‌లో 0.7తో 'ఘ', 'ఱ' రాస్తే లోపలి ఖాళీలు పూడిపోతాయి. 0.3 అయితే మామూలు కాగితాన్ని గీరుతుంది. అందుకే నోట్సుకి నా ఓటు 0.5కే. చేయి బరువుగా నొక్కే అలవాటుంటే 0.7 తీసుకోండి.

లీడ్ కూడా చూసి కొనండి

చెక్క పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైట్, బంకమట్టి మిశ్రమం. దాన్ని ఇంత సన్నగా చేస్తే నిలబడదు. 1960లో పెంటెల్ పాలిమర్ కలిపి కాల్చిన లీడ్ తెచ్చాకే సన్న లీడ్ పెన్సిళ్లు నిజంగా పనికొచ్చాయి. అందుకే పెన్సిల్ మామూలుదైనా లీడ్ మంచిది వేస్తే సగం సమస్య తీరుతుంది. యూని నానో డయా, పెంటెల్ ఐన్ స్టైన్ రెండూ నమ్మకంగా వాడొచ్చు. నోట్సుకి హెచ్‌బీ లేదా బీ. 2బీ నల్లగా, మెత్తగా నడుస్తుంది కానీ అరచేతికి అంటుకుంటుంది, త్వరగా అరుగుతుంది.

ఏ మెకానిజం ఎవరికి?

యూని కురు టోగా (2008): మొన కాగితాన్ని తాకి లేచిన ప్రతిసారీ లోపలి పళ్లచక్రాలు లీడ్‌ని 9 డిగ్రీలు తిప్పుతాయి. 40 సార్లకి ఒక చుట్టు పూర్తి. దాంతో మొన ఒకవైపే అరిగి గీత లావు అవ్వదు. కురు టోగా అడ్వాన్స్‌లో ఈ స్పీడ్ రెండింతలు. కలిపిరాత ఇంగ్లిష్‌లో పెన్సిల్ లేవదు కాబట్టి లాభం తక్కువే. తెలుగులో మాత్రం తలకట్టుకి, గుడికి, ఒత్తుకి చేయి లేస్తూనే ఉంటుంది కాబట్టి భలే పనిచేస్తుంది. మైనస్ ఏంటంటే రాసేటప్పుడు మొన కొంచెం లోపలికి నొక్కుకున్నట్టు అనిపిస్తుంది. కొందరికి అది నచ్చదు.

జీబ్రా డెల్‌గార్డ్ (2014): లోపలి స్ప్రింగులు ఒత్తిడిని తట్టుకుంటాయి. పక్కకి ఒత్తితే లోహపు గొట్టం ముందుకొచ్చి లీడ్‌ని కప్పేస్తుంది. గట్టిగా నొక్కి రాసేవాళ్లకి ఇది.

పెంటెల్ ఒరెంజ్: లీడ్ దాదాపు గొట్టం లోపలే ఉంటుంది, అరిగేకొద్దీ గొట్టం వెనక్కి జరుగుతుంది. 0.2 లీడ్ కూడా నిలబడేది అందుకే. గొట్టం అంచు కాగితానికి తగిలే ఫీల్ మాత్రం అలవాటు చేసుకోవాలి.

పెంటెల్ పీ205: ఏ మ్యాజిక్కూ లేదు. దాదాపు 9 గ్రాములు, ప్లాస్టిక్ బాడీ, పొడవైన లోహపు మొన. దశాబ్దాలుగా అదే డిజైన్. ఎక్కువసేపు రాసినా చేయి లాగదు.

రోట్రింగ్ 600: ఇత్తడి బాడీ, గరుకు గ్రిప్, 20 గ్రాములకి పైనే. చేతిలో పట్టుకుంటే ఫ్లాగ్‌షిప్ ఫోన్ ఫీలింగ్, ధర కూడా ఆ లెవెల్లోనే. గీతలకి సూపర్, మూడు గంటల రాతకి మాత్రం బరువు. మొన బయటే ఉంటుంది కాబట్టి టైల్స్ మీద మొన కిందికి పడితే గొట్టం వంగిపోతుంది, అంతే సంగతులు. జేబులో వేసుకు తిరిగేవాళ్లు పెంటెల్ గ్రాఫ్‌గేర్ 1000 చూడండి. క్లిప్ నొక్కితే మొన లోపలికి పోతుంది.

డ్రాయింగ్ లెక్క వేరు

మా పిన్ని కూతురు ఈ ఏడాది బీటెక్ ఫస్టియర్. ఇంజినీరింగ్ డ్రాయింగ్ మిడ్స్ ముందు ఫోన్ చేసింది. "అన్నయ్యా, సార్ షీట్ తిరిగిచ్చేశారు. గీతలన్నీ ఒకేలా ఉన్నాయంట. రోట్రింగ్ కొనిపెట్టవా?" అంది. ఫోటో పంపమన్నాను. ప్రొజెక్షన్ గీతలు, అవుట్‌లైన్ అన్నీ ఒకే 0.5తో గీసింది. అవుట్‌లైన్ కోసం గట్టిగా నొక్కింది, అంతే. నొక్కితే గీత నల్లబడుతుంది కానీ లావు అవ్వదు కదా. డ్రాయింగ్ నియమాల ప్రకారం లావు గీత, సన్న గీతకి కనీసం రెండింతలు ఉండాలి.

అందుకే ఖరీదైన పెన్సిల్ ఒకటి కాకుండా మామూలువి రెండు పంపించాను. 0.3లో 2హెచ్, ప్రొజెక్షన్ గీతలకి. 0.7లో హెచ్‌బీ, అవుట్‌లైన్‌కి. స్కేలుకి ఆనించి గీసేటప్పుడు మొన గొట్టం నిటారుగా, పొడవుగా ఉండాలి. కోన్ ఆకారపు పొట్టి మొన ఉంటే గీత స్కేలుకి దూరంగా పడుతుంది. గీత లాగుతూ పెన్సిల్‌ని వేళ్లతో మెల్లగా తిప్పితే మందం మారదు. కురు టోగా ఇక్కడ సాయం చేయదు, ఎందుకంటే పొడవు గీతలో మొన లేవదు.

తర్వాతి షీట్ మీద సార్ సంతకం పెట్టారట. "రోట్రింగ్ మాత్రం బాకీ" అని మెసేజ్ పెట్టింది. చూద్దాం.

స్కెచింగ్ చేసేవాళ్లూ, మీకో మాట. సన్న లీడ్‌తో వెంట్రుకలు, అంచులు బాగా వస్తాయి, పెద్ద షేడింగ్ మాత్రం రాదు. దానికి చెక్క పెన్సిలే బెస్ట్.

కొన్నాక

లోపల రెండు మూడు లీడ్‌లకి మించి కుక్కకండి, ఇరుక్కుంటాయి. చివరి సెంటీమీటర్ ముక్కని క్లచ్ పట్టుకోలేదు. అది పాడైనట్టు కాదు, తీసేసి కొత్తది వేయండి. ఆన్‌లైన్‌లో ఖరీదైన మోడల్ సగం ధరకి కనిపిస్తే సెల్లర్ ఎవరో చూడండి, నకిలీలు ఉన్నాయి.

నా ఫైనల్ లిస్ట్

బడ్జెట్ వంద లోపైతే దగ్గర్లోని స్టేషనరీ షాపులో దొరికే మామూలు 0.5 పెన్సిల్, మంచి లీడ్. రోజూ తెలుగు నోట్సు రాస్తే కురు టోగా. ఇంగ్లిష్, లెక్కలు, డయాగ్రమ్‌లు కలిపి అయితే పీ205. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌కి 0.3, 0.7 జత. రోట్రింగ్ 600 అవసరం కోసం కాదు, ఇష్టం కోసం కొనేది. ఇష్టం ఉంటే కొనండి, కాకపోతే షాపులో ఒకసారి చేత్తో పట్టుకుని, నాలుగు లైన్లు రాసి చూశాకే డబ్బులు కట్టండి.