ఎవరి లాభం వారు చూసుకుంటే?

మా ప్రొద్దుటూరులో మొన్న కందిబేడలు కొనబోయాను. అంగడి శెట్టిగారు బస్తాలోంచి గుప్పెడు బేడలు తీసి అరచేతిలో ఆడించి, "ఇవి పాతవి సామీ, తొందరగా ఉడకవు. నాలుగు దినాలాగి రండి, కొత్తవి వస్తాయి" అన్నారు. ఈ కాలంలో కూడా ఇంత ధర్మబుద్ధా అని ముచ్చటపడి, ఆ మాటే పైకి అన్నాను. ఆయన పకపకా నవ్వారు.

"ధర్మం గాదు సామీ, నా స్వార్థమే! ఈ పొద్దు ఇవి మీకు అంటగడితే, మీ ఇంటామె పొయ్యి కాడ నిలబడి నన్ను తిడుతుంది. మళ్ల మీరు మా అంగడి మెట్టెక్కుతారా?"

ఖాళీ సంచితో ఇల్లు చేరాను గాని ఆ మాట నా వెంటే వచ్చింది. స్వార్థం మీద ధర్మం నిలుస్తుందంటే మన పెద్దలు ముక్కు మీద వేలేసుకుంటారు. అయితే 1776లో ఆడం స్మిత్ అనే స్కాట్లండు పండితుడు లావుపాటి గ్రంథం రాసి చెప్పింది ఇంచుమించు ఇదే: ఎవరి లాభం వారు చూసుకుంటూ పోతే, ఎవరూ తలపెట్టకుండానే నలుగురికీ మేలు జరుగుతుందని. మన శెట్టిగారు ఆ గ్రంథం చదివి ఉండరు. ఆయనకు ఆ అవసరమూ లేదు.

సరే, కందిబేడల దగ్గర సూత్రం బాగానే ఉంది. పెద్ద వ్యాపారాల్లో, పెద్ద కష్టాల్లో ఇది ఎంతవరకు నిలుస్తుంది? తెలుసుకోవడానికి దూరదేశాలు పోనక్కరలేదు. మన జిల్లాల గుండా పారే కె.సి. కెనాల్ కథ చాలు.

ఈ కర్నూలు-కడప కాలువను మొదట తవ్వించింది సర్కారు కాదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని, ఇంగ్లండులో వాటాలమ్మి డబ్బు పోగుచేసిన వ్యాపార సంస్థ తవ్వించింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర దానికి వెన్నుదన్ను. తుంగభద్ర నీటిని పైర్లకు పారించాలి, అదే కాలువలో పడవలు నడపాలి, ఆ దారి తూర్పు సముద్రం దాకా పోవాలి - ఇదీ సంకల్పం. అంత సంకల్పంలోనూ చివరకు మిగిలింది కర్నూలుకు ఎగువన సుంకేసుల ఆనకట్ట, అక్కడి నుంచి కడప దాకా సుమారు 190 మైళ్ల కాలువ. 1871 నాటికి అది ఒక కొలిక్కి వచ్చింది.

లాభం కోసం తవ్వారు. వ్యాపారులు కనుక అందులో తప్పేమీ లేదు. చిక్కంతా ఒక షరతులో ఉంది. పది లక్షల పౌన్ల మూలధనం మీద, కాలువ పారినా పారకపోయినా, నూటికి 5 చొప్పున వడ్డీ ముట్టేటట్టు సర్కారు పూచీ పడింది. ఆ వడ్డీ ఇండియా రాబడిలోంచి పోవాలి. ఆ రాబడిలో పెద్ద భాగం రైతు కట్టే శిస్తు!

శెట్టిగారికే ఇటువంటి పూచీ దొరికిందనుకోండి. బేడలు ఉడికినా ఉడకకపోయినా ఏటేటా ఇంత అని ఊరుమ్మడి సొమ్ములోంచి ముడుతుంది. అప్పుడాయన గుప్పెడు తీసి అరచేతిలో వేసుకుని చూస్తారా? మంచివారు కనుక చూస్తారేమో. కాని చూడక తప్పని అవసరం పోయింది. ఆరువేల మైళ్ల అవతల కూర్చున్న వాటాదారుకు తుంగభద్ర ఏ దిక్కున ఉందో తెలియకపోయినా వచ్చే నష్టం లేదు. మూలధనం కాస్తా కరిగిపోయింది. 1866లో సర్కారే మరో 6 లక్షల పౌన్లు అప్పిచ్చి ఆదుకోవలసి వచ్చింది.

తీరా నీళ్లు వచ్చాక, కొనే రైతులు రాలేదు.

పైనుంచి చూసేవారికి ఇది మూఢత్వంగా తోస్తుంది. కరువు సీమలో నీళ్లు వద్దనేవాడు ఉంటాడా? కాని నల్లరేగడి సంగతి రైతుకు తెలిసినట్టు దొరలకు తెలియదు. ఆ నేల మంచి వాన తాగిందంటే నెలల తరబడి తేమ దాచుకుంటుంది. జొన్న, కొర్ర, పత్తి ఆ తేమతోనే పండుతాయి. వరి వేయాలంటే చేను చదును చేయాలి, మడులు కట్టాలి, ఎరువు తోలాలి, ఎద్దులూ కూలీలూ ఎక్కువ కావాలి. పైన నీటితీరువ. రైతు చూసుకున్నదీ తన లాభమే సుమా! లెక్క తప్పితే అమ్ముడుపోయేవి తన ఎద్దులే కనుక జాగ్రత్తగా వేశాడు. కంపెనీ దొరల అంచనా తలకిందులైంది, రైతు అంచనా నిలిచింది. రెండూ స్వార్థాలే. ఒక స్వార్థానికి నష్టభయం ఉంది, రెండోదానికి లేదు.

ఇంతలో 1876లో ధాత కరువు వచ్చిపడింది. రేగడి తాగడానికి చినుకే కరువైంది. నిన్నటిదాకా కాలువ వంక చూడనివారు నీటి కోసం వచ్చారు. కాలువ కింది పైరు నిలిచింది. మిగతా సీమ గతి ఏమిటి?

మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు సర్కారు సొమ్ముతో ధాన్యం కొనబోతే వైస్రాయి లిట్టన్ తప్పుపట్టాడు. వ్యాపారుల జోలికి పోకండి, ధర ఉన్నచోటికి ధాన్యం అదే నడిచివస్తుంది - ఇదీ ఆయన నమ్మకం. ధాన్యం వచ్చిన మాటా నిజమే. మద్రాసు నుంచి కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరు పోయే రైలు అప్పటికే ఉంది. కాని కర్నూలు పట్నానికి రైలు లేదు. మేత లేక ఎద్దులు చచ్చి బండ్లు కదలలేదు. అన్నిటినీ మించి, పని పోయిన కూలివాడి చేతిలో కాసు లేదు. కాసు లేనివాడి ఆకలి ధరలో కనబడదు కదా! కరువు పనులకు పోయినవాడికి కూడా, 1877లో రిచర్డ్ టెంపుల్ దొర రోజు బత్తెం అరకిలో ధాన్యానికి లోపుగా తగ్గించి, పైన కొద్ది చిల్లర ఇప్పించాడు. 1871 జనాభా లెక్కలతో పోలిస్తే 1881 నాటికి కర్నూలు జిల్లాలో సుమారు నాలుగోవంతు జనం తగ్గారు. వ్యాపారులందరూ దుర్మార్గులని నేననను. మోసం చేయకుండా, తూకం తగ్గించకుండా, ఎవరి లాభం వారు చూసుకున్నా కూడా ఆ నాలుగోవంతు మిగిలి ఉండేవారు కాదేమో. అదే భయంకరమైన సంగతి.

అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టారు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపించింది. ఆయన చిట్టా ఏ వ్యాపార సూత్రానికీ లొంగదు. కాని జిల్లాకొక వెంగళరెడ్డి పుడతాడని నమ్ముకుని సంసారాలు నడపగలమా? రోజువారీ బేడలకు శెట్టిగారి స్వార్థమే దిక్కు. కరువుకు మాత్రం అది చాలదు. అక్కడ సర్కారు దిగవలసిందే. 1880లో కరువు కమిషన్ వారు కూడా పని చూపడం, తిండి పెట్టడం సర్కారు బాధ్యత అని ఒప్పుకున్నారు, ఎంతో ప్రాణనష్టం జరిగాక.

విచిత్రమేమిటంటే, పరుల సొమ్ముతో నడిచే కంపెనీల పెద్దలు ఆ సొమ్మును తమ సొంతంలా కనిపెట్టుకోరని ఆడం స్మిత్ అదే గ్రంథంలో హెచ్చరించాడు. దొరలు ఆ పేజీల దాకా పోయినట్టు లేదు. 1882లో సర్కారు కంపెనీకి సొమ్ము చెల్లించి కాలువను తన చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు దాని కింద కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో 2 లక్షల 65 వేల ఎకరాల ఆయకట్టు ఉంది. ఆనాడు నీళ్లు వద్దన్న రైతుల మునిమనుమలు ఇప్పుడు అదే నీటి కోసం ఎదురుచూస్తుంటారు.

నాలుగు దినాలయ్యాక శెట్టిగారి అంగడికి మళ్లీ పోయాను. కొత్త బేడలు వచ్చాయి. ధర కిలోకు రెండు రూపాయలు ఎక్కువ. ఇదేమిటండీ అన్నాను.

"అది గూడా స్వార్థమే సామీ" అన్నారు తక్కెడ సరిచూస్తూ.

బేడలు మాత్రం చక్కగా ఉడికాయి.