సైన్ ఎక్స్ పీరియడ్ 180 ఎందుకు కాదు? మా బాయి గేటు దగ్గర దొరికిన జవాబు

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువ మంది అడిగింది ఒకటే: "అన్నా, సైన్ విలువ 0 డిగ్రీల దగ్గర సున్నా, 180 దగ్గరా సున్నానే. మరి పీరియడ్ 360 ఎందుకు?"

ఇంటర్‌లో నాకూ ఇదే డౌట్. అడగడానికి సిగ్గుపడి ఫార్ములా బట్టీ పట్టిన. ఎంసెట్‌లో సైన్ స్క్వేర్ ఎక్స్ పీరియడ్ అడిగితే ఆలోచించకుండా 360 పెట్టిన. తప్పు. కానీ జవాబు మా ఇంట్లోనే ఉండె.

మాది గోదావరిఖని. మా బాపుది సింగరేణిల బాయి పని. ఫస్ట్ షిఫ్టు పొద్దున 7 నుంచి 3, సెకండ్ షిఫ్టు 3 నుంచి రాత్రి 11, నైట్ షిఫ్టు 11 నుంచి 7. వారానికోసారి షిఫ్టు మారేది. ఫస్ట్ షిఫ్టు వారంలో మధ్యాహ్నం 3 గంటలకు బాపు గేటు బయటికి వస్తుండె. మరుసటి వారం అదే 3 గంటలకు, అదే గేటులో లోపలికి పోతుండె. చోటు అదే, టైమూ అదే, దిక్కు మాత్రం ఉల్టా. అంతా అచ్చం మొదటి వారంలాగ కావాలంటే 3 వారాలు పట్టేది. బాపు డ్యూటీకి పీరియడ్ అదే.

సైన్ కూడా అంతే. 0 దగ్గర పైకి పోతుంటది, 180 దగ్గర కిందికి దిగుతుంటది. విలువ ఒక్కటి కలిస్తే సరిపోదు, అక్కడి నుంచి ముందుకు మొత్తం కథ రిపీట్ కావాలి. అలా రిపీట్ అయ్యే అతి చిన్న దూరమే పీరియడ్, మన బుక్కుల్లో ఆవర్తనం. సైన్‌కు అది 360, అంటే 2పై.

ఇప్పుడు బాయి సైరన్ సంగతి. లోపలికి ఎవరు పోతున్నరో దానికి పట్టదు, 8 గంటలకోసారి మోగుతది. తేడా పట్టించుకోకపోతే పీరియడ్ చిన్నదవుతది. స్క్వేర్ చేసేది అదే పని: ప్లస్, మైనస్ తేడా చెరిపేస్తది. అందుకే సైన్ స్క్వేర్ పీరియడ్ 180. ట్యాన్‌లో అయితే 180 తర్వాత సైన్, కాస్ రెండిటి గుర్తూ మారుతది, భాగిస్తే మళ్లీ అదే విలువ. అదీ 180.

సైన్ 3ఎక్స్ అంటే మూడింతల స్పీడు. స్పీడు పెరిగితే తిరిగొచ్చే దూరం తగ్గుతది కాబట్టి 360ని 3తో భాగించాలి: 120.

రామగుండం ఎన్టీపీసీలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది. మా సింగరేణి బొగ్గే అక్కడ కరెంట్ అవుతది. ఆ కరెంట్ సెకనుకు 50 సార్లు తిరిగే సైన్ అల, అంటే పీరియడ్ 20 మిల్లీసెకన్లు. కానీ ఫిలమెంట్ బల్బుకు కరెంట్ ఎటు పోతుందో పట్టదు. వేడి కరెంట్ స్క్వేర్‌ను బట్టి ఉంటది. అందుకే దాని వెలుగు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువ అవుతది, పీరియడ్ 10 మిల్లీసెకన్లు. మీ ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి బల్బును తీయండి, ఆ మిణుకు కనిపిస్తది. నేను పోగొట్టుకున్న మార్కు అదే.

మీకో ప్రశ్న: కాస్ 5ఎక్స్‌కు మాడ్యులస్ పెడితే పీరియడ్ ఎంత? జవాబుతో పాటు ఎందుకో కూడా కామెంట్‌లో రాయండి. డౌట్ ఉంటే అడగండి, నాలాగ సిగ్గుపడకండి.