ఆరోగ్యశ్రీ ఉంది కదా, ప్రైవేటు ఆరోగ్య బీమా కూడా తీసుకోవాలా?

"ఒక్క ఆరోగ్యశ్రీనే నమ్ముకుంటే ఎట్లా? పాలసీ తీసుకోండి" అని ఏజెంట్ అంటాడు. "సర్కారు కార్డు ఉండగా ఆ డబ్బులు దండగ" అని పక్కింటాయన అంటాడు. ఎవరి మాట మీ ఇంటికి సరిపోతుందో మీరే తేల్చుకోవాలి. ప్రీమియం కట్టే ముందు ఇది చదివి, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

మీ దగ్గర ఇప్పటికే ఏముంది?

తెలంగాణలో ఆహార భద్రతా కార్డు (రేషన్ కార్డు) ఉన్న కుటుంబానికి రాజీవ్ ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఈ పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. దీనికి మీరు ప్రీమియం కట్టనక్కర్లేదు. పాత జబ్బు ఉందని పక్కన పెట్టరు, ఇన్నేళ్లు ఆగమని చెప్పరు.

కార్డులో అందరి పేర్లూ ఉన్నాయా? కొత్తగా వచ్చిన కోడలు, చంటిపిల్లల పేర్లే ఎక్కువగా మిగిలిపోతుంటాయి. లేకపోతే ఇప్పుడే మీసేవలో దరఖాస్తు పెట్టండి. ఆస్పత్రి మెట్లెక్కాక చూసుకుందామంటే కష్టం.

ఇంట్లో ఎవరైనా ఫ్యాక్టరీలోనో, షాపులోనో నెలకు 21,000 రూపాయల లోపు జీతానికి పనిచేస్తుంటే, ఈఎస్ఐ కోత పడుతోందేమో జీతం చీటీలో చూడండి. పడుతుంటే ఆ కుటుంబానికి ఈఎస్ఐ వైద్యం కూడా ఉన్నట్టే.

కార్డు ఎక్కడ ఆగిపోతుంది?

• నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రికి వెళితే బిల్లు మీదే.
• జాబితాలో లేని చికిత్సకు వర్తించదు. కొన్ని చికిత్సలు ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే చేస్తారు.
• నెట్‌వర్క్ ఆస్పత్రుల్లో ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనే ఉన్నాయి. ముంబయిలోనో సూరత్‌లోనో పనిచేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.
• ఆదాయం పెరిగి రేషన్ కార్డు పోతే, ఆరోగ్యశ్రీ కూడా పోతుంది.

ప్రైవేటు పాలసీలో ముందు తెలుసుకోవాల్సింది

పాలసీ తీసుకున్న మర్నాటి నుంచి అన్నీ వర్తించవు. సాధారణంగా మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప క్లెయిమ్ ఉండదు. షుగర్, బీపీ, గుండె జబ్బు లాంటివి ముందే ఉంటే వాటికి 3 ఏళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. కంటి శుక్లం, హెర్నియా లాంటి వాటికీ ఇలాంటి గడువులే ఉంటాయి.

అందుకే "ఈ ఏడాది కట్టగలమా?" అని అడుగుకుంటే సరిపోదు. "వరసగా మూడేళ్లు కట్టగలమా?" అని అడుగుకోవాలి. ప్రీమియం ఏడాదికి 15 వేలు అనుకుందాం. మూడేళ్లకు 45 వేలు. వయసుతో పాటు ప్రీమియం కూడా పెరగొచ్చు. రెండేళ్లు కట్టి, పంట పోయిందనో పని దొరకలేదనో ఆపేస్తే కట్టిన డబ్బు వెనక్కి రాదు. ఆగిన కాలం కూడా లెక్కలోంచి పోతుంది. మళ్లీ తీసుకుంటే మొదటి నుంచి మొదలు.

ఎవరు ఆలోచించొచ్చు, ఎవరు ఆగొచ్చు?

రేషన్ కార్డు ఉండే అవకాశం తగ్గుతున్న కుటుంబం, వేరే రాష్ట్రంలో ఉంటున్న కుటుంబం, నెల నెలా నికరంగా ఆదాయం వచ్చే కుటుంబం పాలసీ గురించి ఆలోచించవచ్చు. ఆరోగ్యం బాగున్నప్పుడే తీసుకుంటే, జబ్బు వచ్చేనాటికి ఆగాల్సిన గడువు గడిచిపోయి ఉంటుంది.

ప్రీమియం కోసం వడ్డీకి అప్పు తేవాల్సి వస్తే మాత్రం తొందరపడకండి. సంపాదించే మనిషి మంచాన పడితే మందుల ఖర్చు ఒక్కటే కాదు, కూలి కూడా పోతుంది. అలాంటి ఇంటికి ముందు కావాల్సింది బ్యాంకులో కొంత డబ్బు, ప్రమాద బీమా. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలు కడితే, ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు వస్తాయి. బ్యాంకు ఖాతా ఉండి, 18 నుంచి 70 ఏళ్ల లోపు వాళ్లు చేరవచ్చు.

తీసుకుంటే ఈ జాగ్రత్తలు

1. ఉన్న జబ్బు దాచొద్దు. "అవి రాయకపోయినా ఏం కాదు" అని ఏజెంట్ అన్నా వినకండి. రేపు క్లెయిమ్ ఆగేది మీకే, ఆయనకు కాదు.
2. గది అద్దెకు పరిమితి ఉందా? బిల్లులో మీ వాటా ఎంత? రెండూ అడగండి.
3. మీ ఊరికి దగ్గర్లోని ఏ ఆస్పత్రిలో నగదు లేకుండా వైద్యం చేస్తారో పేరుతో సహా చెప్పమనండి.
4. కుటుంబ, వ్యక్తిగత ఆరోగ్య పాలసీలకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. ఎవరైనా కలిపి అడిగితే రసీదు చూపమనండి.
5. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోపు నచ్చలేదని వెనక్కి ఇవ్వొచ్చు. ఆ రోజుల్లోనే పూర్తిగా చదివించుకోండి.

పాలసీ తీసుకున్నా ఆరోగ్యశ్రీని వదులుకోవాల్సిన పనిలేదు. నెట్‌వర్క్ ఆస్పత్రికి వెళ్లగానే ముందు ఆరోగ్యమిత్రను కలవండి. ఆరోగ్యశ్రీ కింద చేర్చుకున్నాక చికిత్సకు డబ్బు అడిగితే 104కు ఫోన్ చేయండి. బీమా కంపెనీ మీద ఫిర్యాదు ఉంటే 155255కు చేయండి.