మారింది మాత్రమే పంపే ఆర్‌సింక్

పెళ్లి వీడియోలు తీసే స్టూడియోల్లో ఇప్పుడు ఒక్క పెళ్లికే 200 గిగాబైట్ల ఫైళ్లు పోగవడం పెద్ద విశేషం కాదు. ఎడిటర్ అదే ఊళ్లో ఉంటే హార్డ్ డిస్క్ చేతికిచ్చి పంపితే సరిపోతుంది. వేరే ఊళ్లో ఉంటేనే చిక్కు. జీమెయిల్ 25 మెగాబైట్లు దాటిన అటాచ్‌మెంట్‌ని తీసుకోదు. వాట్సాప్‌లో ఒక ఫైలు 2 గిగాబైట్లు మించకూడదు. సెకనుకు 100 మెగాబిట్ల వేగమున్న లైను ఎక్కడా తడబడకుండా నడిచినా ఆ 200 గిగాబైట్లు వెళ్లడానికి దాదాపు నాలుగున్నర గంటలు పడుతుంది. మూడున్నర గంటలు గడిచాక కరెంటు పోయిందంటే, బ్రౌజర్‌లో పెట్టిన అప్‌లోడ్ చాలాసార్లు మళ్లీ మొదటికొస్తుంది.

ఈ చిక్కును దాదాపు మూడు దశాబ్దాల కిందటే విప్పిన ప్రోగ్రాం ఒకటుంది. దాని పేరు ఆర్‌సింక్. మౌస్‌తో నొక్కడానికి అందులో బటన్లు ఉండవు, మెనూలు ఉండవు. నల్లటి తెర మీద ఒక లైను టైపు చేసి ఎంటర్ కొట్టాలి, అంతే. సర్వర్లు నడిపేవాళ్లకు ఇది రోజూ చేతిలో ఉండే పనిముట్టు. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకున్న మామూలు మనిషికి మాత్రం దీని పేరు కూడా పెద్దగా తెలియదు. పిల్లల ఫొటోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు, ఏళ్ల తరబడి చేసిన రాతపని కంప్యూటర్‌లోనే దాచుకుంటున్న ఈ రోజుల్లో అది తెలిసి ఉండాల్సిన పేరు.

కాన్పూర్ నుంచి కాన్‌బెరా దాకా

ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ పద్ధతికి మొదటి రూపం రాసింది భారతీయుడే. అలహాబాద్‌లో పుట్టి, ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివి, అమెరికాలోని ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్ 1971 ఏప్రిల్ 16న ఆ పత్రాన్ని వెలువరించారు. అప్పటికి ఇంటర్నెట్ అనే మాటే లేదు. దానికి ముందు తరమైన ఆర్పానెట్‌లో ఉన్న కంప్యూటర్లు కొద్ది సంఖ్యలోనే ఉండేవి. వాటిని వాడేవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే కాబట్టి ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా, ఉన్నది ఉన్నట్టు వెళ్లేది.

ఊరు పెరిగాక తలుపులకు తాళాలు కావాల్సి వచ్చాయి. 1995లో ఫిన్‌లాండ్‌లోని హెల్సింకీ టెక్నాలజీ విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అక్కడే పరిశోధన చేస్తున్న తతు యులోనెన్ ఆ ఏడాదే ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాం రాశారు. రెండు కంప్యూటర్ల మధ్య వెళ్లే ప్రతి అక్షరాన్నీ అది సంకేత భాషలోకి మార్చి పంపుతుంది, దారిలో ఎవరు పట్టుకున్నా అర్థం కాదు. ఆ రక్షణలోనే ఫైళ్లు పంపడానికి ఎస్‌సీపీ, ఎస్‌ఎఫ్‌టీపీ అనే కమాండ్లు వచ్చాయి. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు రెండూ ఎఫ్‌టీపీకి స్వస్తి చెప్పాయి.

భద్రత సంగతి అలా తేలింది కానీ వేగం సంగతి తేలలేదు. ఎస్‌సీపీ ఎప్పుడు పంపినా ఫైలు మొత్తాన్ని పంపుతుంది. వెయ్యి పేజీల ఫైలులో ఒక్క వాక్యం మారినా వెయ్యి పేజీలూ మళ్లీ ప్రయాణం కట్టాల్సిందే. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ చేపట్టింది ఈ సమస్యనే. విండోస్, యూనిక్స్ కంప్యూటర్లు ఒకదాని ఫైళ్లు ఒకటి చదువుకోవడానికి వీలు కల్పించిన సాంబా ప్రోగ్రాంతో ట్రిడ్జెల్ అప్పటికే పేరు తెచ్చుకున్నారు. ఇద్దరూ కలిసి 1996 జూన్ 19న ఆర్‌సింక్‌ను ప్రకటించారు. ఆ పరిశోధనే 1999లో ట్రిడ్జెల్ పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో భాగమైంది.

ఏది మారిందో ఎలా తెలుస్తుంది?

విజయవాడలో ఉన్న ఒక రచయిత తన నవల ఫైలు ప్రతిని హైదరాబాద్‌లోని కంప్యూటర్‌లో కూడా దాచుకున్నారనుకుందాం. తర్వాత మొదటి పేజీలో ఒక మాట చేర్చారు. ఇప్పుడు పాత ప్రతి హైదరాబాద్‌లో ఉంది, కొత్తది విజయవాడలో ఉంది. రెండూ ఒకే చోట ఉంటే పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. కానీ పోల్చడం కోసం ఫైలు మొత్తం తెప్పించుకుంటే ఇక ఆదా ఎక్కడిది?

ఆర్‌సింక్ చేసే ఉపాయం ఇది. హైదరాబాద్ కంప్యూటర్ తన దగ్గరున్న పాత ఫైలును సమానమైన చిన్న ముక్కలుగా విడదీస్తుంది. ఒక్కో ముక్కలోని అక్షరాల విలువలను లెక్కగట్టి రెండు గుర్తింపు సంఖ్యలు తయారుచేస్తుంది. మొదటిది త్వరగా కట్టగలిగే 32 బిట్ల లెక్క. రెండోది కాస్త శ్రమతో కట్టే 128 బిట్ల లెక్క. అసలు ముక్కలను కదపకుండా ఈ సంఖ్యల జాబితాను మాత్రమే విజయవాడకు పంపుతుంది. విజయవాడ కంప్యూటర్ తన కొత్త ఫైలులో ఆ సంఖ్యలతో సరిపోయే ముక్కలు ఎక్కడున్నాయో వెతుకుతుంది. దొరికిన చోట ఆ ముక్క నెంబరు రాస్తుంది, దొరకని చోట అసలు అక్షరాలనే రాసి పంపుతుంది. హైదరాబాద్‌లో పాత ముక్కలు, కొత్త అక్షరాలు కలిపితే కొత్త ఫైలు తయారవుతుంది.

ఇందులో అసలు మెలిక ఒకటుంది. మొదటి పేజీలో ఒక మాట చేరగానే దాని తర్వాతి అక్షరాలన్నీ ముందుకు జరిగిపోతాయి. కొత్త ఫైలును కూడా అవే కొలతలతో ముక్కలు కోస్తే ఆ మాట తర్వాతి ముక్కల్లో ఒక్కటీ పాతదానితో సరిపోదు. అందుకే ఆర్‌సింక్ కొత్త ఫైలును కోయదు. ఒక్కో అక్షరం చొప్పున జరుగుతూ ప్రతి స్థానంలోనూ లెక్క కట్టి చూస్తుంది. కోట్ల స్థానాల్లో ప్రతిసారీ మొదటినుంచి లెక్క కడితే తెల్లారిపోతుంది కాబట్టి ట్రిడ్జెల్, మాకెరాస్ జరిగేకొద్దీ సవరించుకోగల లెక్కను ఎంచుకున్నారు. వెనక వదిలేసిన అక్షరం విలువ తీసేసి, ముందు వచ్చి చేరిన అక్షరం విలువ కలిపితే కొత్త స్థానం లెక్క సిద్ధమవుతుంది. ఈ త్వరిత లెక్క సరిపోయినప్పుడే రెండో లెక్కతో ఖరారు చేసుకుంటుంది. పని పూర్తయ్యాక ఫైలు మొత్తానికి ఇంకోసారి లెక్క కట్టి, రెండు చోట్లా ఒకటే ఉందో లేదో చూస్తుంది. తేడా వస్తే ఆ ఫైలును మళ్లీ పంపుతుంది.

1996 నాటి పత్రంలో వాళ్లిద్దరూ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ప్రధాన భాగమైన కెర్నల్ రెండు వెర్షన్లతో దీన్ని పరీక్షించి చూపించారు. ఫైలు పరిమాణం సుమారు 24 మెగాబైట్లు. 500 బైట్ల ముక్కలతో చేసినప్పుడు రెండు వైపులా కలిపి ప్రయాణించింది రెండు మెగాబైట్లకు కొంచెం ఎక్కువ. ఆ కాలపు 28.8 కిలోబిట్ల మోడెం మీద 24 మెగాబైట్లు పంపాలంటే దాదాపు రెండు గంటలు. రెండు మెగాబైట్లయితే పది నిమిషాల పని.

ఇన్ని లెక్కలూ ప్రతి ఫైలుకీ అవసరం పడవు. మామూలుగా ఆర్‌సింక్ ముందు రెండే విషయాలు చూస్తుంది: ఫైలు పరిమాణం, చివరిసారి మారిన సమయం. రెండు చోట్లా అవి ఒకటే అయితే ఆ ఫైలు జోలికి పోదు. పదివేల ఫొటోలున్న ఫోల్డర్‌లో కొత్తగా ఇరవై చేరితే ఆ ఇరవైనే పంపుతుంది. జిప్ చేసిన ఫైళ్ల విషయంలో మాత్రం ముక్కల లెక్క అంతగా ఉపయోగపడదు. లోపల చిన్న మార్పు జరిగినా కుదించిన ఫైలులో అక్కడినుంచి చివరిదాకా అంతా మారిపోవచ్చు.

ఆ ఒక్క లైనులో ఏముంటుంది?

కమాండ్ లైన్ అనగానే చాలామంది జంకుతారు. నిజానికి ఈ ఆజ్ఞలో ఉండేవి నాలుగే భాగాలు: ప్రోగ్రాం పేరు, ఎలా చేయాలో చెప్పే గుర్తులు, ఎక్కడినుంచి, ఎక్కడికి. గుర్తులకు ముందు చిన్న అడ్డగీత పెడతారు. గీత పక్కన ‘ఎ’ అక్షరం రాస్తే లోపలి ఫోల్డర్లతో సహా, తేదీలు చెదరకుండా పంపమని. ‘వి’ రాస్తే ఏం పంపుతున్నదీ తెర మీద చూపించమని. క్యాపిటల్ ‘పి’ రాస్తే ఎంత శాతం వెళ్లిందో చూపిస్తూ, మధ్యలో ఆగిపోతే అప్పటిదాకా వెళ్లిన భాగాన్ని అట్టే పెట్టమని. మొదట్లో చెప్పిన స్టూడియోకి కావాల్సింది ఇదే. కరెంటు వచ్చాక అదే లైను మళ్లీ కొడితే చేరిన ఫైళ్లను వదిలేసి, సగంలో ఆగిన ఫైలులో అప్పటికే చేరిన భాగాన్ని వాడుకుంటూ మిగతాది పంపుతుంది. గమ్యం రాసేటప్పుడు యూజర్ పేరు, ఎట్ గుర్తు, అవతలి కంప్యూటర్ చిరునామా, కోలన్, ఆ తర్వాత ఫోల్డర్ పేరు వరసగా రాయాలి. అవతలి కంప్యూటర్‌లో కూడా ఆర్‌సింక్ ఉండాలి, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ నడుస్తూ ఉండాలి.

కొత్తగా వాడేవాళ్లు తడబడేది ఏటవాలు గీత దగ్గర. ‘ఎక్కడినుంచి’ అని రాసే ఫోల్డర్ పేరు చివర ఏటవాలు గీత పెడితే లోపలి ఫైళ్లు మాత్రమే వెళ్తాయి. పెట్టకపోతే ఫోల్డర్‌తో సహా వెళ్తాయి. ఇందులో పొరబడినా నష్టం చిన్నదే, ఫైళ్లు అనుకోని చోట చేరతాయి, అంతే.

అసలు ప్రమాదం ‘డిలీట్’ అనే గుర్తుతో ఉంది. ఇక్కడ లేనివాటిని అక్కడ కూడా తీసేసి రెండు ఫోల్డర్లనూ అచ్చం ఒకేలా చేయమని దాని అర్థం. మొదటి ఫోల్డర్ బదులు పొరపాటున ఖాళీ ఫోల్డర్ పేరు రాస్తే అవతల దాచుకున్నదంతా చెరిగిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందు ‘డ్రై రన్’ చేస్తారు. గుర్తుల్లో చిన్న ‘ఎన్’ అక్షరం చేరిస్తే ఆర్‌సింక్ ఏ ఫైలునూ ముట్టుకోకుండా, తాను చేయబోయే పనుల జాబితా మాత్రం చూపిస్తుంది. అది చదివి, సరే అనుకున్నాకే అసలు ఆజ్ఞ ఇవ్వాలి. ‘లింక్ డెస్ట్’ అనే ఇంకో గుర్తుతో ఏ రోజు ప్రతిని ఆ రోజు పేరుతో విడిగా దాచుకోవచ్చు. మారని ఫైళ్లు డిస్క్‌లో రెండోసారి చోటు ఆక్రమించవు.

లినక్స్‌లో ఆర్‌సింక్ చాలావరకు ముందే ఉంటుంది, లేకపోతే ఉచితంగా వేసుకోవచ్చు. మ్యాక్‌లో ముందే ఉంటుంది. విండోస్‌లో ఎస్‌ఎస్‌హెచ్, ఎస్‌సీపీ, ఎస్‌ఎఫ్‌టీపీ కమాండ్లు 2018 నుంచి వస్తున్నాయి. ఆర్‌సింక్ కావాలంటే విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ సదుపాయం పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టర్మక్స్ అనే ఆప్ వేసుకుంటే అందులోనూ నడుస్తుంది. ఫోన్‌లోని ఫొటోలను ఇంటి వైఫై మీద నేరుగా కంప్యూటర్‌లోకి చేర్చుకోవచ్చు. ఏది వాడినా తాజా వెర్షన్ ఉంచుకోవాలి. 2025 జనవరిలో ఆర్‌సింక్‌లో ఆరు భద్రతా లోపాలు బయటపడ్డాయి. వాటిని సరిచేస్తూ 3.4.0 వెర్షన్ విడుదలైంది.

పేరు తెలియకపోయినా దీని ఫలితాన్ని లక్షలమంది రోజూ అనుభవిస్తున్నారు. డెబియన్ లినక్స్ ఫైళ్ల ప్రతులను ప్రపంచమంతటా ఉన్న మిర్రర్ సర్వర్లకు చేరవేసేది ఆర్‌సింకే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా సహా వికీమీడియా సమాచారమంతటి ప్రతులు వేరే దేశాల్లోని సంస్థలు దాచిపెట్టుకోవడానికి కూడా ఈ మార్గమే ఉంది. ఒక చోట సర్వర్ పాడైనా తెలుగువాళ్లు రాసుకున్న వ్యాసాలు ఇంకో చోట భద్రంగా ఉంటాయి.

ఆ భద్రత ప్రతి ఇంటికీ అందుబాటులోనే ఉంది, అదీ ఉచితంగా. నేర్చుకోవాలనుకునేవాళ్లు మొదట సొంత కంప్యూటర్‌లోనే రెండు ఖాళీ ఫోల్డర్లు తెరిచి, ఒకదానిలో పనికిరాని ఫైళ్లు నాలుగు వేసి, డ్రై రన్‌తో మొదలుపెట్టాలి. చేయి తిరిగాక పెన్‌డ్రైవ్‌కి, ఆపైన ఇంకో కంప్యూటర్‌కి పంపి చూడాలి. ‘డిలీట్’ గుర్తు జోలికి మాత్రం అన్నిటికన్నా చివర్లో వెళ్లాలి.